కోబ్రా రెప్లికా: సైడ్ అద్దాల్లో వెనక మడ్‌గార్డు తప్ప ఏమీ కనిపించట్లేదు, పైగా వణుకు

మిర్చియార్డు_కోబ్రా (గుంటూరు):
కోబ్రా అనే పాత స్పోర్ట్స్ కారుకి మేం కట్టుకున్న రెప్లికా (నకలు) మొత్తానికి నడిచే స్థితికి వచ్చింది. ఫైబర్ బాడీ కోయంబత్తూరు వైపు ఒక షెడ్డు నుంచి తెప్పించాం. కింద ఛాసిస్ బాక్స్ పైపుతో మేమే కట్టుకున్నాం. ఇంజిన్, గేర్‌బాక్స్, వెనక యాక్సిల్ పాత కాంటెస్సా 1.8 ఇసుజువి. బండి మా బాబాయి వాళ్ల కోల్డ్ స్టోరేజీ ఆవరణ దాటి బయటికి పోదు, కాబట్టి రిజిస్ట్రేషన్ సంగతి దయచేసి ఎత్తకండి.

ఇప్పుడు గొడవంతా అద్దాలతో. బుల్లెట్‌కి వేసే 100 మి.మీ. గుండ్రటి అద్దాలు తెచ్చి తలుపుల మీద మధ్యలో బిగించాం. చూడటానికి ఈ బండి కోసమే చేసినట్టున్నాయి. కానీ డ్రైవర్ వైపు అద్దంలో సగానికి పైగా మా మడ్‌గార్డే. ఎడమ వైపు దాంట్లో మడ్‌గార్డు, కాస్త ఆకాశం. ఇది కాక వణుకు. ఐడిల్‌లో పర్వాలేదు, 2,500 ఆర్‌పీఎం దగ్గర అద్దంలో బొమ్మ మొత్తం చెదిరిపోతుంది, 3,000 దాటితే మళ్లీ తేరుకుంటుంది.

సీజన్‌లో ఆవరణ నిండా లారీలు, టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే హమాలీలు. వెనక ఎవరున్నారో తెలియకుండా రివర్స్ చేయాలంటే టెన్షన్‌గా ఉంది. అద్దాన్ని పట్టి ఉంచే కడ్డీ, అదే కాడ, ఇప్పుడు 90 మి.మీ. పొడుగుంది, దాన్ని 130 చేయిస్తే మడ్‌గార్డు దాటి కనిపిస్తుందని అనుకుంటున్నాను. విజయవాడ ఆటోనగర్‌లో ఇలాంటి చిన్న టర్నింగ్ పని ఎవరు చేస్తారు?

పటమట_పిస్టన్ (విజయవాడ):
ఫోటో లేకుండా పోస్టు పెట్టడం నేరం తమ్ముడూ. సరే, మడ్‌గార్డు ఎందుకు అడ్డం వస్తోందో చెబుతా. అసలు కోబ్రా 1962 నాటిది. ఇంగ్లండ్‌లో ఏసీ కంపెనీ తేలికపాటి బాడీలో అమెరికా ఫోర్డ్ వీ8 పెట్టించింది కారల్ షెల్బీ. తర్వాత 427 ఇంజిన్ బండికి వెడల్పు టైర్లు పట్టాలని మడ్‌గార్డులు ఉబ్బించారు. రెప్లికాలు చేసేవాళ్లంతా ఆ ఉబ్బు బాడీకే మనసు పారేసుకున్నారు, మీ కోయంబత్తూరు షెడ్డుతో సహా. తలుపు దగ్గర సన్నం, వెనక లావు. తలుపుని ఆనుకుని అద్దం పెడితే ఇంకేం కనిపిస్తుంది మరి.

కాడ పొడుగు చేస్తే చూపు దాటుతుంది, నిజమే. కానీ ఆ అద్దం గేటు కూడా దాటాలి కదా?

రూల్_ప్రకారం (మంగళగిరి):
ఎత్తకండి అన్నారు గానీ, ఈ పోస్టు చదివే మిగతావాళ్ల కోసం ఒక్క ముక్క చెప్పి పోతాను. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన ఒరిజినల్ వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ ప్రకారం ఓనరుకి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. ఇంట్లో కట్టిన బండి రోడ్డెక్కాలంటే పుణెలో ఏఆర్ఏఐ లాంటి చోట ప్రోటోటైప్ పరీక్ష పాసవ్వాలి. ఒక్క బండి కోసం అంత ఖర్చు ఎవరూ పెట్టుకోరు.

ఇక అద్దాలకి మన దగ్గర రెండు ప్రమాణాలున్నాయి. అద్దం ఎలా ఉండాలో ఏఐఎస్-001, బండికి ఎలా బిగించాలో ఏఐఎస్-002. ఐక్యరాజ్యసమితి 46వ నంబరు నిబంధన ప్రకారం నేల నుంచి 2 మీటర్ల లోపు ఎత్తులో ఉన్న అద్దం బండి వెడల్పు దాటి 250 మి.మీ. కంటే బయటికి రాకూడదు. మీ బండి ఆవరణలోనే ఉన్నా ఈ కొలతలు పాటిస్తే నష్టమేం లేదు, మనుషుల మోచేతులు బతుకుతాయి.

మిర్చియార్డు_కోబ్రా (గుంటూరు):
పిస్టన్ అన్నా, ఫోటోలు పెట్టాను చూడు. రూల్ గారూ, 250 మాట పనికొచ్చేదే, రాసుకున్నాను.

లేత్_మాస్టారు (ఆటోనగర్, విజయవాడ):
బాబూ, కాడ పొడుగు చేయించకండి. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది.

ముందు బండి నిలబెట్టి, న్యూట్రల్‌లో యాక్సిలరేటర్ మెల్లగా తొక్కి చూడండి. నిలబడి ఉన్నా అదే 2,500 దగ్గర వణికితే గాలి, టైరు బ్యాలెన్సింగ్ రెండింటినీ లెక్కలోంచి తీసెయ్యొచ్చు. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఒక్కో చుట్టుకి రెండుసార్లు కుదుపుతుంది. 2,500 అంటే సెకనుకి సుమారు 42 చుట్లు, 83 కుదుపులు. మీ అద్దమూ కాడా సహజంగా ఊగే వేగం కూడా సరిగ్గా అక్కడే ఉంది. అందుకే ఆ ఒక్క చోటే చెదిరి, దాటగానే తేరుకుంటోంది.

గుండ్రటి కడ్డీ గట్టిదనం దాని మందం నాలుగో ఘాతంతో పెరుగుతుంది, పొడుగు మూడో ఘాతంతో తగ్గుతుంది. మీది 8 మి.మీ. కడ్డీ అనుకుంటున్నాను. 90 నుంచి 130 చేస్తే గట్టిదనం మూడో వంతుకి పడిపోతుంది. అప్పుడు ఆ వణుకు 2,500 నుంచి 1,400కి దిగుతుంది, అంటే మీరు గేటు దగ్గర మెల్లగా పాకేటప్పుడు. అవసరమైన చోటే గుడ్డి అద్దం.

దానికి బదులు 10 మి.మీ. కడ్డీ, 70 పొడుగు పెట్టండి. గట్టిదనం అయిదు రెట్లు, ఊగే వేగం రెండుంపావు రెట్లు పెరుగుతుంది. వణుకు 5,700 దగ్గరికి పోతుంది. ఆ ఇసుజుని అంతదాకా ఎవరూ తిప్పరు.

ఇదంతా కాడ వరకే లెక్క. దాని కింద తలుపు ఫైబరే ఊగుతుంటే నేను ఎంత లావు కడ్డీ తిప్పిచ్చినా దండగ. అద్దాన్ని వేలితో అటూ ఇటూ నొక్కుతూ తలుపు పెయింటులో ట్యూబ్‌లైట్ ప్రతిబింబం చూడండి. ఆ గీత వంకర తిరిగితే దొంగ తలుపే.

తెనాలి_థ్రాటిల్:
ట్యూబ్‌లైట్ టెస్ట్ సూపర్ మాస్టారూ. మా ఇంట్లో కారు బానెట్ మీద చేశా, మా నాన్న తిట్టారు.

మిర్చియార్డు_కోబ్రా (గుంటూరు):
మాస్టారూ, న్యూట్రల్‌లో కూడా అంతే, 2,500 దగ్గరే. ట్యూబ్‌లైట్ గీత బాగా వంకర పోతోంది. మరి తలుపు మీద కాకపోతే ఎక్కడ?

అంబాసిడర్_అభిమాని (గవర్నర్‌పేట):
ముందు మడ్‌గార్డు మీద పెట్టండి నాయనా. మా అంబాసిడర్‌కి అక్కడే ఉండేవి. మెడ తిప్పే పని లేదు, రోడ్డు చూస్తూనే వెనక బస్సు కూడా కనిపించేది. జపాన్‌లో 1983 దాకా సైడ్ అద్దాలు ముందు ఫెండర్ల మీదే ఉండాలన్న రూలు ఉండేది. వాళ్లేమన్నా తెలియనివాళ్లా? అక్కడ కింద ఛాసిస్ దగ్గరగా ఉంటుంది, వణుకూ తగ్గుతుంది.

పటమట_పిస్టన్ (విజయవాడ):
కోబ్రా ముందు మడ్‌గార్డు మీద అద్దాలా! బాబాయ్ గారూ, మీరు పెద్దవారు, ఇంకేం అనలేను.

కాంతిరేఖ (బ్రాడీపేట, గుంటూరు):
అభిమాని గారి మాటలో సగం నిజం ఉంది. కళ్లు పెద్దగా తిప్పకుండా చూడొచ్చు, అది లాభమే. రెండో సగం లెక్కలో తేలిపోతుంది.

బల్లపరుపు అద్దం కిటికీ లాంటిది. కన్ను ఎంత దూరంగా ఉంటే దాంట్లోంచి అంత తక్కువ కనిపిస్తుంది. 100 మి.మీ. అద్దం కంటికి 700 మి.మీ. దూరంలో ఉంటే 20 మీటర్ల వెనక దాదాపు 3 మీటర్ల వెడల్పు కనిపిస్తుంది. ఎడమ వైపు అద్దం 1,200 దూరంలో ఉంటే మీటరున్నర పైచిలుకు. ముందు మడ్‌గార్డు మీద, 1,600 దూరంలో అయితే మీటరుంపావు. రూల్ గారు చెప్పిన 46వ నిబంధన కార్ల బయటి అద్దానికి 20 మీటర్ల వెనక 4 మీటర్ల వెడల్పు కనిపించాలంటుంది. అంటే ఇంత చిన్న బల్లపరుపు అద్దం ఎక్కడ పెట్టినా చాలదు.

కుంభాకార అద్దం కావాలి. ఆ నిబంధనలో వంపు వ్యాసార్థం కనీసం 1,200 మి.మీ. అలాంటి గాజుతో కుడి వైపు 6 మీటర్లు, ఎడమ వైపు 5 మీటర్లు వస్తాయి. దీనికి మూల్యం ఏమిటంటే బొమ్మ చిన్నదవుతుంది. కుడి అద్దంలో వెనక బండి అసలు సైజులో సగం కంటే చిన్నగా, ఎడమ దాంట్లో మూడో వంతుగా కనిపిస్తుంది. ముందు మడ్‌గార్డు మీదైతే పావు వంతుకి కాస్త పైన, అంతే. హమాలీ తల బఠాణీ గింజంత ఉంటే చూసీ చూడనట్టే.

ఇప్పుడు మీ దగ్గరున్న గాజు ఏ రకమో ముందు తేల్చుకోండి. గాజు మధ్యలో స్టీల్ స్కేలు ఆనించి, రెండు అంచుల దగ్గర సందులో టాపెట్లు సెట్ చేసే ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకులు) దూర్చండి. మధ్య నుంచి 50 మి.మీ. దూరంలో సందు 1 మి.మీ. ఉంటే వ్యాసార్థం 1,200 దగ్గర. 2 ఉంటే 600, అంటే మరీ వంపు. సందే లేకపోతే బల్లపరుపు.

ఎక్కడ పెట్టాలన్నది మాత్రం వాదించుకునే పని లేదు. రాత్రి పూట బండిని గోడ వైపు వెనక చూసేలా, అద్దం నుంచి గోడకి 20 మీటర్లు ఉండేలా ఆపండి. డ్రైవర్ సీట్లో సరిగ్గా మీ కన్ను ఉండే ఎత్తులో మంచి టార్చి కట్టి అద్దం మీదికి వెయ్యండి. కాంతి ఏ దారిన వెళ్తుందో చూపూ ఆ దారినే వస్తుంది. గోడ మీద వెలుగు పడినంత మేరా మీకు కనిపించేది, మడ్‌గార్డు నీడ పడినంత మేరా కనిపించనిది. అద్దాన్ని చేత్తో పట్టుకుని రకరకాల చోట్ల పెట్టి చూడండి. నీడ ఎక్కడ తక్కువో అక్కడే బిగించండి. ఒక్క రంధ్రం కూడా వెయ్యకుండా తేలిపోతుంది.

మిర్చియార్డు_కోబ్రా (గుంటూరు):
మేడమ్, ఇది నేను ఎక్కడా వినలేదు. కోల్డ్ స్టోరేజీ వెనక గోడ తెల్లగా, బారుగా ఉంది. ఈ రాత్రికే.

అంబాసిడర్_అభిమాని (గవర్నర్‌పేట):
పావు వంతు అంటే ఒప్పుకోవాల్సిందే. అయినా అంబాసిడర్ అద్దంలో బస్సు బాగానే కనిపించేది!

ఫైబర్_పని (కానూరు):
ఎక్కడ పెట్టినా రంధ్రం ఒకటి వెయ్యక తప్పదు కదా, ఆ సంగతి నేను చెబుతాను. పడవలు, బస్సు బంపర్లు చేసే చేతులు ఇవి.

ఫైబర్ బాడీ పైన జెల్‌కోట్ అని గట్టి పొర ఉంటుంది. డ్రిల్ బిట్ దాన్ని సూటిగా తాకితే చుట్టూ సాలెగూడులా సన్న పగుళ్లు లేస్తాయి. ఇప్పుడు కనిపించవు, రెండు ఎండాకాలాలు పోయాక పెయింటులోంచి పైకి వస్తాయి. రంధ్రం వేసే చోట మాస్కింగ్ టేపు రెండు పొరలు అంటించండి. డ్రిల్‌ని మొదట ఉల్టా తిప్పుతూ జెల్‌కోట్‌ని అరగదీయండి, అది తెగాక సూటిగా తిప్పండి. పంచ్ పెట్టి సుత్తితో కొట్టడం మాత్రం వద్దు. రంధ్రం బోల్టు కంటే అర మి.మీ. పెద్దగా ఉండాలి, ఎండకి ఫైబరూ ఇనుమూ ఒకేలా సాగవు.

తలుపు చర్మం 3, 4 మి.మీ. ఉంటుందేమో. దాంట్లో రివెట్ నట్టు కొట్టి అద్దం వేలాడదీస్తే ఊడి చేతికి వస్తుంది. లోపల అరచేతి వెడల్పు అల్యూమినియం ప్లేటు, 3 మి.మీ. మందం, రెసిన్‌తో అంటించి దాని మీద బోల్టు పడాలి. తలుపు మీదే పెట్టి తీరతానంటే, కబ్జాలు బిగించే ఇనుప ఫ్రేము ఉన్న ముందు మూల దగ్గర పెట్టండి. మీరిప్పుడు పెట్టిన మధ్య భాగం తలుపంతటిలోనూ బలహీనమైన చోటు.

నా ఓటు మాత్రం విండ్‌స్క్రీన్ (డ్రైవర్ ముందున్న పెద్ద అద్దం) పక్క స్తంభానికి. కోబ్రా విండ్‌స్క్రీన్ ఫ్రేముకి రెండు వైపులా కాళ్లు బాడీలోంచి కిందికి దిగి లోపల ఇనుముకి బిగుస్తాయి. మీ బండికి అలాగే ఉందో, ఉత్త ఫైబర్ మీద స్క్రూలు కొట్టి వదిలారో చూసుకోండి.

లేత్_మాస్టారు (ఆటోనగర్, విజయవాడ):
కానూరు వారి మాటే నా మాట. స్తంభానికి రెండు ముక్కల క్లాంపు చేసి దాంట్లోంచి కాడ తీస్తే బాడీకి రంధ్రమే అక్కర్లేదు. స్తంభం అడ్డకోత ఆకారం నాకు కావాలి. మైనం ముద్ద గానీ, పిల్లలు ఆడుకునే క్లే గానీ దాని చుట్టూ నొక్కి అచ్చు తీసి పంపండి. ఫోటో చూసి చేసే పని కాదిది.

మిర్చియార్డు_కోబ్రా (గుంటూరు):
టార్చి పరీక్ష అయ్యింది. వాచ్‌మన్‌కి మేము ఏం చేస్తున్నామో అర్థంకాక కాసేపు కుర్చీ తెచ్చుకుని కూర్చున్నాడు.

మా బుల్లెట్ గాజు పూర్తిగా బల్లపరుపు, ఫీలర్ గేజ్‌లో సన్నటి రేకు కూడా దూరలేదు. ఇప్పుడున్న చోట కుడి అద్దం వెలుగు గోడ మీద మూడు మీటర్ల లోపే పడింది. మేడమ్ లెక్క తప్పలేదు. అందులో సగానికి పైగా మడ్‌గార్డు నీడ నల్లగా. కబ్జాల మూలకి జరిపితే నీడ మూడో వంతుకి తగ్గింది. స్తంభం దగ్గర, తలుపు అంచుకి ఒక జానెడు పైన పట్టుకుంటే నీడ కింది మూలకి దిగిపోయి వెలుగు దాదాపు మొత్తం బయటపడింది. కాడ పొడుగు కంటే ఎత్తుకే ఇక్కడ పని ఎక్కువ.

స్తంభం కాళ్లు స్కటిల్ (విండ్‌స్క్రీన్ ముందున్న బాడీ భాగం) కింద అడ్డ పైపుకి బోల్టులతో ఉన్నాయి, ఫైబర్ మీద కాదు. క్లే అచ్చు తీసి పంపించాను మాస్టారూ. మా చెల్లి కొడుకు క్లే డబ్బా ఖాళీ అయ్యింది, వాడికి కొత్తది బాకీ.

ఒక సందేహం. స్తంభం పక్కనే గాలి తగలకుండా పెట్టే చిన్న అక్రిలిక్ రెక్కలు ఉన్నాయి. అద్దాన్ని వాటిలోంచి చూడాల్సి వస్తుంది.

కాంతిరేఖ (బ్రాడీపేట, గుంటూరు):
చూడొచ్చు, అక్రిలిక్ తెల్లగా, గీతలు లేకుండా ఉన్నంతవరకు. రంగు వేసినది అయితే సాయంత్రం వేళ పనికిరాదు. గాజు తుడిచే అమ్మోనియా ద్రావణాలు దాని మీద కొట్టకండి, సన్నగా పగులుతుంది. సబ్బు నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. మీ ఆవరణలో మిరప ధూళి ఉంటుంది కాబట్టి ముందు నీళ్లు పోసి దుమ్ము వదలగొట్టాకే గుడ్డ పెట్టాలి.

పటమట_పిస్టన్ (విజయవాడ):
మాస్టారూ, క్లాంపుకీ స్తంభానికీ మధ్య మందపాటి రబ్బరు పెడితే మిగిలిన వణుకు కూడా అది మింగేస్తుంది కదా? ఇంజిన్ మౌంటులు రబ్బరువే కదా.

లేత్_మాస్టారు (ఆటోనగర్, విజయవాడ):
మింగదు, కొత్తది పుట్టిస్తుంది. రబ్బరు మెత్తన కాబట్టి అద్దం సహజంగా ఊగే వేగం మళ్లీ కిందికి దిగుతుంది. ఇంజిన్ మౌంటుల కథ వేరు. అక్కడ బరువు వంద కిలోల పైమాట, ఊగే వేగం ఐడిల్ కంటే కిందికి దించేస్తారు, అందుకే పనిచేస్తుంది. పావు కిలో అద్దాన్ని అంత మెత్తగా వేలాడదీస్తే ప్రతి గుంతకీ తల ఊపుతుంది. క్రోమ్ గీసుకోకుండా ఒక మి.మీ. గట్టి రబ్బరు షీటు చాలు, అదీ బోల్టులతో బాగా నలిగేలా.

పటమట_పిస్టన్ (విజయవాడ):
మా స్నేహితుడి బైకుకి రబ్బరు పెట్టాక వణుకు తగ్గింది మరి.

లేత్_మాస్టారు (ఆటోనగర్, విజయవాడ):
ఏ ఆర్‌పీఎంలో తగ్గింది? ఇంకో ఆర్‌పీఎంలో పెరిగిందా చూశారా?

పటమట_పిస్టన్ (విజయవాడ):
అడిగి చెబుతా.

లేత్_మాస్టారు (ఆటోనగర్, విజయవాడ):
కోబ్రా బాబుకి: కాడకి అల్యూమినియం అడిగారు ఫోన్లో. తేలిక, మెరుపు, అన్నీ నిజమే. కానీ అదే సైజులో దాని గట్టిదనం స్టీలులో మూడో వంతు. స్టెయిన్‌లెస్ 304 కడ్డీ తిప్పి, బఫింగ్ కొట్టిస్తాను. క్రోమ్ ప్లేటింగ్ కంటే ఇదే మేలు. కోల్డ్ స్టోరేజీ తేమకి పల్చటి క్రోమ్ కింద తుప్పు పొక్కులు లేస్తాయి. అద్దం గిన్నె మాత్రం బుల్లెట్‌దే ఉంచుదాం, దాని వెనక బంతి జాయింటు కప్పు తీసేసి ఇత్తడిది వేస్తాను. లోపలున్న ప్లాస్టిక్ కప్పు మే నెల ఎండకి వదులైపోయి అద్దం తనంతట తనే నేల చూపులు చూస్తుంది.

మిర్చియార్డు_కోబ్రా (గుంటూరు):
సరే మాస్టారూ, స్టెయిన్‌లెస్సే. గాజు వేట మొదలుపెట్టాను. లారీలకి పెట్టే చిన్న బ్లైండ్ స్పాట్ అద్దం కొన్నాను, సందు 2.5 మి.మీ. వచ్చింది.

కాంతిరేఖ (బ్రాడీపేట, గుంటూరు):
అంటే వ్యాసార్థం 500. దాంట్లో ఊరంతా కనిపిస్తుంది, ఏదెంత దూరమో తెలియదు. బయటి దేశం నుంచి తెప్పించుకునే ఆలోచన ఉన్నవాళ్లకి ఇంకో మాట. అమెరికా మార్కెట్ జత అయితే డ్రైవర్ వైపు, అంటే వాళ్ల ఎడమ వైపు, బల్లపరుపు గాజే ఉంటుంది. అక్కడి నిబంధన అది. కుంభాకారం ప్రయాణికుడి వైపు మాత్రమే, దాని మీదే ‘కనిపించేదాని కంటే దగ్గరగా ఉన్నాయి’ అన్న హెచ్చరిక. ఆ జత మనకి పెడితే కంటికి దూరంగా ఉన్న ఎడమ వైపుకే తక్కువ కనిపించే గాజు వస్తుంది. కుడి స్టీరింగ్ దేశాల జత అయితే ఆ తిరకాసు లేదు.

రూల్_ప్రకారం (మంగళగిరి):
అద్దం గిన్నె అంచు కూడా చూసుకోండి. బయట తగిలే అంచులు కనీసం 2.5 మి.మీ. వ్యాసార్థంతో గుండ్రంగా ఉండాలని అదే 46లో ఉంది. పదునైన రేకు అంచు హమాలీ భుజం ఎత్తులో ఉండటం మంచిది కాదు.

మిర్చియార్డు_కోబ్రా (గుంటూరు):
స్క్రాప్‌లో ఒక కారు ఎడమ అద్దం గాజు దొరికింది. సందు 1 మి.మీ. రేకు బిగుతుగా దూరింది! దాన్ని గుండ్రంగా కోయాలి. ఇక్కడ గాజు కోసే ఆయన ‘వంపు గాజు నా వల్ల కాదు’ అన్నాడు.

ఫైబర్_పని (కానూరు):
కోస్తారు, ఓపిక ఉన్నవాళ్లు. గీత ఒక్కసారే, ఆపకుండా గీయాలి. గీత బయట మిగిలిన ముక్కకి అడ్డంగా నాలుగైదు గీతలు గీసి ప్లయర్‌తో ఒక్కో ముక్కా విరవాలి, ఒకేసారి లాగితే పోతుంది. అంచుని తడి ఎమెరీ కాగితం మీద నీళ్లు పోస్తూ అరగదీయండి. ఒకటి విరిగినా పర్వాలేదన్నట్టు రెండు గాజులు తీసుకుని వెళ్లండి.

అంటించేటప్పుడు జాగ్రత్త. వెనిగర్ వాసన కొట్టే సిలికాన్ వాడొద్దు, ఆరేటప్పుడు బయటికొచ్చే ఆమ్లం అద్దం వెనక పూతని తినేసి నల్ల మచ్చలు పుట్టిస్తుంది. న్యూట్రల్ క్యూర్ అని ట్యూబు మీద రాసి ఉంటుంది, అది అడగండి. గిన్నె అడుగున చిన్న రంధ్రం ఒకటి వదిలేయండి, కడిగినప్పుడు చేరిన నీళ్లు పోవడానికి.

తెనాలి_థ్రాటిల్:
అన్నా, నా దగ్గర పాత జిప్సీ ఉంది. దానికి ఇవే గుండ్రటి అద్దాలు పెట్టనా?

రూల్_ప్రకారం (మంగళగిరి):
రిజిస్ట్రేషన్ ఉన్న బండి కదా తమ్ముడూ. కంపెనీ అద్దాలు ఉంచు. గాజు పగిలితే అదే పార్టు దొరుకుతుంది.

మిర్చియార్డు_కోబ్రా (గుంటూరు):
బిగించాం. ఫోటోలు పైన చేర్చాను.

మాస్టారి క్లాంపు స్తంభానికి అతుక్కున్నట్టు కూర్చుంది. మళ్లీ గోడ దగ్గర టార్చి వేశాం. కుడి వైపు వెలుగు ఆరు మీటర్లకి కాస్త తక్కువ, ఎడమ వైపు నాలుగున్నర పైన. మడ్‌గార్డు నీడ రెండు వైపులా కింది మూలలో ఒక ముక్క, అంతే. ఆ ముక్క కావాలనే వదిలాను, మన బండి అంచు కనిపిస్తూ ఉంటే వెనకాలది ఎంత పక్కగా ఉందో అర్థమవుతోంది. అద్దం బయటి అంచు బండి వెడల్పు దాటి బయటికే రాలేదు రూల్ గారూ, మడ్‌గార్డులే దానికంటే బయటికి ఉన్నాయి.

2,500 దగ్గర బొమ్మ నిలబడింది. 4,000 దాటాక సన్నటి వణుకు మొదలవుతోంది. మాస్టారి లెక్క 5,700 కదా, అంత రాలేదు.

లేత్_మాస్టారు (ఆటోనగర్, విజయవాడ):
రాదు. ఆ లెక్క కాడ వరకే అన్నాను కదా. విండ్‌స్క్రీన్ ఫ్రేముకీ తన ఊపు తనకుంటుంది. రెండు స్తంభాల పైభాగాన్నీ కలిపే ఫ్రేము మూల స్క్రూలు చూడండి, వదులుగా ఉంటాయి. కొత్తగా కట్టిన బండికి మొదటి నెలల్లో అవి వదలడం మామూలే. నీలం రంగు థ్రెడ్ లాకర్ (స్క్రూ వదలకుండా పట్టే జిగురు) ఒక చుక్క వేసి బిగించండి, ఎర్రది వద్దు, మళ్లీ విప్పలేరు.

పటమట_పిస్టన్ (విజయవాడ):
స్నేహితుణ్ని అడిగా. ఎనభై స్పీడులో తగ్గిందట, ఐడిల్‌లో పెరిగిందట. మాస్టారికి నమస్కారం.

మిర్చియార్డు_కోబ్రా (గుంటూరు):
మూల స్క్రూలు సగం చుట్టు తిరిగాయి మాస్టారూ. ఇప్పుడు 4,500 దాకా శుభ్రంగా ఉంది, ఆవరణలో అంతకు మించి తొక్కే చోటు లేదు. చివరి ప్రశ్న. బండిని లారీ మీదెక్కించి విజయవాడలో ఒక కాలేజీ ఫెస్ట్‌కి తీసుకెళ్లమంటున్నారు. తాళ్లు కట్టేటప్పుడు అద్దాలకి తగలకుండా ఏం చేయాలి?

లేత్_మాస్టారు (ఆటోనగర్, విజయవాడ):
క్లాంపు వదలకండి. కాడ మొదట్లో ఆలెన్ స్క్రూ ఒకటి ఉంది, అది పావు చుట్టు వదిలి అద్దాన్ని లోపలికి తిప్పి మళ్లీ బిగించండి. విప్పే ముందు కాడ మీదా క్లాంపు మీదా కలిపి ఒక గీత గీసుకుంటే దిగాక మళ్లీ టార్చి పట్టుకుని గోడ వెతుక్కోనక్కర్లేదు. తాళ్లు విండ్‌స్క్రీన్‌కి ఎక్కడా కట్టనివ్వకండి, చక్రాలకే కట్టించండి. ఫెస్ట్ ఎప్పుడో చెప్పండి, వచ్చి చూస్తాను.

పటమట_పిస్టన్ (విజయవాడ):
నేనూ వస్తా. అభిమాని బాబాయ్ గారిని కూడా తీసుకొస్తా, అంబాసిడర్‌లోనే.

అంబాసిడర్_అభిమాని (గవర్నర్‌పేట):
పెట్రోలు నీది అయితే రెడీ.